సోర్స్ నుంచి మొదటిసారి ఒక లాంగ్వేజ్ బిల్డ్ చేయాలంటే: లువా, సీపైథాన్, గో, రస్ట్‌లలో ఏది?

లువా అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో "పేరు" అనే తెలుగు పదాన్ని వేరియబుల్‌గా పెట్టి రన్ చేసి చూడండి. "<\224>" దగ్గర అనుకోని గుర్తు వచ్చిందని ఎర్రర్ ఇస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి ఇది) ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడు బైట్లు, అందులో మొదటి బైటు 224. లువా అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు అదే లువా 5.4 సోర్స్ (దాన్ని రాసిన అసలు కోడ్) దించుకుని, ఎల్‌యూఏ-యూసీఐడీ (LUA_UCID) అనే ఒక్క మాక్రోని, అంటే కోడ్‌లోని ఒక స్విచ్‌ని, ఆన్ చేసి బిల్డ్ చేయండి, అంటే ఆ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ని కట్టండి. "పేరు" చక్కగా పనిచేస్తుంది. మొత్తం పని రెండు నిమిషాలు కూడా పట్టదు.

సోర్స్ నుంచి బిల్డ్ చేయడం మీద నాకు ఇష్టం పుట్టింది ఇలాంటి చోటే. మనం రోజూ వాడే లాంగ్వేజ్ ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, ఎవరో ఒక ఫైల్‌లో తీసుకున్న నిర్ణయమనీ, దాన్ని మనమూ మార్చి చూడొచ్చనీ చేతికి తెలిసేది అప్పుడే. అందుకే "ఒక లాంగ్వేజ్‌ని సోర్స్ నుంచి కట్టి చూడాలనుంది, దేనితో మొదలుపెట్టను?" అని అడిగేవాళ్లకి వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను. నాలుగింటిని తీసుకున్నాను: లువా, సీపైథాన్ (అందరూ పైథాన్ అని పిలిచే అసలు ఇంప్లిమెంటేషన్ ఇదే), గో, రస్ట్. నాలుగూ ఓపెన్ సోర్సే. చెప్పేదంతా లినక్స్ మెషీన్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటి బిల్డ్ ఎంతసేపు పడుతుందని అందరూ ముందుగా అడుగుతారు. నేనైతే రెండో బిల్డ్ గురించి అడగమంటాను. మొదటిది ఒక్కసారే, రాత్రి పెట్టి పడుకున్నా పొద్దున్నకి అయిపోతుంది. ఒక లైన్ మార్చి, మళ్లీ బిల్డ్ కొట్టి, ఫలితం చూడటానికి ఎంతసేపు కూర్చోవాలన్నదే మీరు ఈ పనిలో నెలరోజులు నిలుస్తారా, రెండో రోజే వదిలేస్తారా అన్నది తేలుస్తుంది.

తర్వాతది కోడి ముందా గుడ్డు ముందా అన్న సంగతి. కొన్ని లాంగ్వేజ్‌లకి సి కంపైలర్ (సి కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్) ఉంటే చాలు. కొన్నిటి కంపైలర్ అదే లాంగ్వేజ్‌లో రాసి ఉంటుంది. అంటే గో కట్టాలంటే ముందే గో ఉండాలి, రస్ట్ కట్టాలంటే ముందే రస్ట్ ఉండాలి. దీన్నే బూట్‌స్ట్రాపింగ్ అంటారు. మీరు ఎందుకు బిల్డ్ చేస్తున్నారన్నదాన్ని బట్టి ఇది పెద్ద అడ్డంకి కావచ్చు, అసలు అడ్డంకే కాకపోవచ్చు.

మూడోది, ఏదైనా తక్కువైతే అది మీకు చెబుతుందా లేదా. బిల్డ్ మధ్యలో ఆగిపోతే బాధ లేదు, ఎందుకు ఆగిందో చూసి సరిచేసుకుంటాం. సగం ముక్కలు లేకుండా "అయిపోయింది" అనే బిల్డే ప్రమాదం.

ఇవి కాక డిస్క్, మెమరీ, సిస్టమ్‌లో ముందే ఉన్న వెర్షన్‌తో తగాదా వస్తుందా అన్నవి ఎలాగూ ఉన్నాయి. ఒక్కచోట చూస్తే ఇలా ఉంటుంది:

| | లువా 5.4 | సీపైథాన్ | గో | రస్ట్ |
|---|---|---|---|---|
| ముందే ఉండాల్సినవి | సి కంపైలర్, మేక్ (బిల్డ్ నడిపే టూల్) | సి కంపైలర్, కొన్ని లైబ్రరీల హెడర్ ఫైళ్లు (వాటిని వాడుకుని బిల్డ్ చేయడానికి కావాల్సిన వివరాలు) | కొంచెం పాత గో | పైథాన్, సి కంపైలర్, ఇంటర్నెట్. పాత రస్ట్‌ని అదే దించుకుంటుంది |
| మొదటి బిల్డ్ | సెకన్లు | నిమిషాలు. పూర్తి ఆప్టిమైజేషన్‌తో చాలా ఎక్కువ | నిమిషాలు | ఎల్‌ఎల్‌వీఎం (రస్ట్ కోసం మెషీన్ కోడ్ తయారుచేసే ప్రాజెక్టు) దించుకుంటే కొంత నయం, అదీ కట్టుకుంటే గంటలు |
| ఒక లైన్ మార్చాక | సెకన్లు | ఎక్కువసార్లు సెకన్లు | నిమిషంలోపు | నిమిషాలు |
| డిస్క్ | కొన్ని ఎంబీలు | వందల ఎంబీలు | ఒకటి రెండు జీబీలు ఉంచుకోండి | 30 జీబీ పైన |
| చెప్పకుండా వదిలేసే ముక్కలు | దాదాపు లేవు | ఉన్నాయి, జాగ్రత్త | చాలా తక్కువ | చాలా తక్కువ |
| "పేరు" అనే వేరియబుల్ | మాక్రో పెడితే సరే | సరే | ఒప్పుకోదు | సరే |

## లువా

1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో పోంటిఫికల్ కాథలిక్ యూనివర్సిటీలో పుట్టింది. మొత్తం సోర్స్ సుమారు 30 వేల లైన్ల సి కోడ్. ఒక వారం కూర్చుంటే మొత్తం చదివేయగలిగినంత. కాన్ఫిగర్ స్క్రిప్టు (మెషీన్‌లో ఏమేం ఉన్నాయో ముందే వెతికి చూసేది) లేదు, బయటి లైబ్రరీల గొడవ లేదు. టార్ ఫైల్ విప్పి మేక్ అంటే చాలు, మీ ప్లాట్‌ఫామ్ ఏదో 5.4 తనే కనుక్కుంటుంది. ఆ తర్వాత మేక్ లోకల్ అంటే ఆ ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ అనే సబ్‌ఫోల్డర్‌లో అన్నీ పెడుతుంది. నచ్చకపోతే ఫోల్డర్ తీసేయండి, సిస్టమ్ మీద మచ్చ కూడా మిగలదు.

మొదట్లో చెప్పిన మాక్రో సంగతి ఇంకాస్త దగ్గరగా చూద్దాం. ఎల్‌సిటైప్ అనే చిన్న సి ఫైల్‌లో 256 బైట్లకీ ఒక పట్టిక ఉంటుంది: ఏది అక్షరం, ఏది అంకె, ఏది ఖాళీ అని. ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తుల పట్టిక) కాని బైట్లన్నీ మామూలుగా ఏదీ కానివి. మాక్రో ఆన్ చేస్తే అవన్నీ ఒక్క దెబ్బకి అక్షరాలైపోతాయి. అంతే మార్పు. ఇది ఎంత సూటిగా ఉందో అంత మొరటు కూడా. తెలుగు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత పెట్టే కనిపించని నాన్-జాయినర్ అక్షరాన్ని కూడా అది మామూలు అక్షరంగానే తీసుకుంటుంది. కాబట్టి తెర మీద ఒకేలా కనిపించే రెండు పేర్లు లువాకి రెండు వేరే వేరియబుల్స్ కావచ్చు. ఈ లాభనష్టాల బేరం సోర్స్ తెరిచి చూస్తేనే అర్థమవుతుంది.

లువాకి ఉన్న లోటు ఒకటే: ఇది మరీ తేలిక. పెద్ద ప్రాజెక్టుల బిల్డులో వచ్చే తలనొప్పులు ఇక్కడ నేర్చుకోలేరు. డిపెండెన్సీలు వెతకడం, కాన్ఫిగర్ లాగ్ చదవడం, స్టేజ్‌లు అర్థం చేసుకోవడం, ఇవేవీ ఎదురుకావు.

## సీపైథాన్

ఉద్యోగంలో నిజంగా అవసరం పడేది ఎక్కువగా ఇదే. సర్వర్‌లో ఉన్న పైథాన్ పాతది, మీ కోడ్‌కి కొత్తది కావాలి, మీకు అడ్మిన్ హక్కులు లేవు. అలాంటప్పుడు ప్రిఫిక్స్‌గా (ఎక్కడ ఇన్‌స్టాల్ కావాలో చెప్పే సెట్టింగ్) మీ హోమ్ ఫోల్డర్ ఇచ్చి కాన్ఫిగర్ చేసి, మేక్ చేసి, ఇన్‌స్టాల్ చేసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. కావాల్సిన పైథాన్ వెర్షన్ పెట్టిచ్చే పైఎన్వ్ లాంటి టూల్స్ కూడా తెర వెనక చేసేది ఇదే.

బిల్డ్ దానంతటది కష్టం కాదు. చిక్కంతా మాట్లాడకుండా వదిలేసే ముక్కలతోనే. పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలో చాలా మాడ్యూళ్లు బయటి సి లైబ్రరీల మీద ఆధారపడతాయి. నెట్‌లో భద్రంగా మాట్లాడే ఎస్‌ఎస్‌ఎల్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సి కోడ్‌ని పిలిచే సిటైప్స్‌కి లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, ఇంకా ఎస్‌క్యూలైట్, బీజెడ్2, ఎక్స్‌జెడ్, రీడ్‌లైన్. ఇవి కనిపించకపోతే సీపైథాన్ బిల్డ్ ఆగదు. ఆ మాడ్యూళ్లని పక్కన పెట్టి ముందుకెళ్లిపోతుంది. చివర్లో మాత్రం ఫలానా ఆప్షనల్ మాడ్యూళ్లకి కావాల్సినవి దొరకలేదని ఒక చిన్న జాబితా ప్రింట్ చేస్తుంది. మేక్ మాత్రం విజయవంతంగానే ముగుస్తుంది.

నేను మొదటిసారి ఆ జాబితాని చదవలేదు. వేల లైన్లు తెర మీద పరిగెత్తాక ఎర్రర్ అనే మాట లేదు కదా అని ఇన్‌స్టాల్ చేసేశాను. పైథాన్ తెరుచుకుంది, లెక్కలు చేసింది, సంతోషం. తర్వాత పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించే టూల్) ఒక ప్యాకేజీ దించబోతే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేదంది. ఆ సర్వర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉంది, రోజూ వాడుతున్నాం. లేనిది దాని హెడర్ ఫైళ్లు. డెబియన్, ఉబుంటులలో ఇవి పేరు చివర "డెవ్" అని ఉండే వేరే ప్యాకేజీలో, ఫెడోరాలో "డెవెల్" అని ఉండే ప్యాకేజీలో వస్తాయి. వాటిని పెట్టుకునే హక్కు నాకు లేదు. చివరికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని కూడా హోమ్ ఫోల్డర్‌లో సోర్స్ నుంచి కట్టి, అది ఎక్కడుందో కాన్ఫిగర్‌కి చెప్పి, పైథాన్‌ని మొదటి నుంచి మళ్లీ కట్టాను. ఆ రోజు నుంచి బిల్డ్ అవ్వగానే మొదట చేసే పని ఒకటే: కొత్త పైథాన్‌లో ఎస్‌ఎస్‌ఎల్, సిటైప్స్, ఎస్‌క్యూలైట్3, ఎల్‌జెడ్‌ఎమ్‌ఏ, ఈ నాలుగూ ఇంపోర్ట్ అవుతున్నాయా అని చూడటం. అర నిమిషం పని. దయచేసి మీరూ చేయండి.

ఇంకో జాగ్రత్త ఇన్‌స్టాల్ దగ్గర. మేక్ ఇన్‌స్టాల్ అంటే పైథాన్3 అనే పేరుతో కూడా కమాండ్ పెడుతుంది. మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ అంటే వెర్షన్ నంబర్‌తో ఉన్న పేరు మాత్రమే పెడుతుంది. ప్రిఫిక్స్ మార్చకుండా మేక్ ఇన్‌స్టాల్ కొడితే యూఎస్ఆర్ లోకల్‌లోకి వెళుతుంది, చాలా సిస్టమ్‌లలో వెతుకులాట అక్కడే మొదలవుతుంది కాబట్టి పాత స్క్రిప్టులు కొత్త పైథాన్‌ని పట్టుకుంటాయి. వాటికి కావాల్సిన ప్యాకేజీలేమో అందులో ఉండవు. సొంత ఫోల్డర్‌లో పెట్టుకోని ప్రతిసారీ ఆల్ట్‌ఇన్‌స్టాలే వాడండి.

ఆప్టిమైజేషన్ల ఆప్షన్ ఇవ్వాలా వద్దా అని చాలామంది తటపటాయిస్తారు. అది ఇస్తే ముందు కొలతల కోసం ఒక పైథాన్ కట్టి, దానితో టెస్టులు కొన్ని నడిపించి, ఏ దారులు ఎక్కువ వాడుకలో ఉన్నాయో చూసి, ఆ సమాచారంతో రెండోసారి కడుతుంది. అందుకే అంతసేపు. రోజూ నిజమైన పని చేయించే పైథాన్ అయితే తప్పకుండా ఇవ్వండి, వేగంలో తేడా కనిపిస్తుంది. లోపల కోడ్ మార్చి చూడటానికే అయితే వద్దు, దాని బదులు పైడీబగ్ ఆప్షన్ ఇవ్వండి. నెమ్మదిగా నడుస్తుంది కానీ రిఫరెన్స్ లెక్కల్లో (ఒక ఆబ్జెక్ట్‌ని ఎన్ని చోట్ల వాడుతున్నారన్న లెక్క) మీరు చేసిన తప్పుల్ని పట్టిస్తుంది.

మార్పులు చేసేవాళ్లకి సీపైథాన్ చాలా అనుకూలం. ఒక సి ఫైల్ మారిస్తే ఆ ఒక్కటే మళ్లీ కంపైల్ అవుతుంది. 3.9 నుంచి గ్రామర్ అంతా ఒక్క ఫైల్‌లో చదువుకునేలా ఉంది, దాన్ని మార్చి పార్సర్‌ని (ఆ గ్రామర్ ప్రకారం కోడ్‌ని చదివే భాగం) మళ్లీ జెనరేట్ చేయించవచ్చు. "పేరు" లాంటి వేరియబుల్స్ 2008లో వచ్చిన 3.0 నుంచే చెల్లుతాయి. గుణింతాల గుర్తుల్ని పేరు మధ్యలో అనుమతించే యూనికోడ్ నియమాన్ని పాటిస్తుంది. లువా మాక్రోలా కళ్లు మూసుకుని అన్నీ ఒప్పుకోదు, ఇందాకటి నాన్-జాయినర్ కనిపిస్తే చెల్లదని చెప్పేస్తుంది.

## గో

1.4 వరకు గో కంపైలర్ సి లో ఉండేది. 2015 ఆగస్టులో వచ్చిన 1.5తో కంపైలర్, రన్‌టైమ్ గోలోకి మారాయి. అప్పటి నుంచి గో కట్టాలంటే గో కావాలి. ఎంత పాతది సరిపోతుందన్నదానికి నియమం ఉంది: 1.22, 1.23లకి కనీసం 1.20, తర్వాతి 1.24, 1.25లకి కనీసం 1.22. ప్యాకేజీగా వచ్చిన గో ఏదో ఒకటి మెషీన్‌లో ఉంటే పని అయిపోయినట్టే. ఏమీ లేకుండా సి కంపైలర్ నుంచే మొదలుపెట్టాలనుకుంటే 1.4 కట్టి, దానితో 1.17, దానితో 1.20, దానితో 1.22 ఇలా మెట్లెక్కాలి. ఓపికుంటే ఒకసారి చేయదగ్గ ప్రయాణం.

బూట్‌స్ట్రాపింగ్ ఎలా జరుగుతుందో కళ్లతో చూడాలంటే గోని మించింది లేదని నా అభిప్రాయం. మేక్ బ్యాష్ స్క్రిప్టు నడిపితే వచ్చే అవుట్‌పుట్ కొద్ది లైన్లే. పాత గోతో టూల్‌చైన్1 (కంపైలర్, దానితోపాటు ఉండే టూల్స్) కడుతున్నాను, టూల్‌చైన్1తో టూల్‌చైన్2, టూల్‌చైన్2తో టూల్‌చైన్3 అని వరసగా చెబుతుంది. ఒకసారి కడితే చాలదా అనిపిస్తుంది. టూల్‌చైన్1 కొత్త కోడే కానీ దాన్ని కంపైల్ చేసింది పాత కంపైలర్. పాతదాని వాసన పూర్తిగా పోవాలంటే కొత్త కంపైలర్ తనని తాను మళ్లీ కంపైల్ చేసుకోవాలి. ఆ తర్వాత ఇన్‌స్టాల్ అనే మెట్టే లేదు. విప్పిన ఫోల్డరే గో. ఆల్ బ్యాష్ నడిపితే టెస్టులు కూడా పూర్తి చేసి, అన్నీ పాసయ్యాయని చెబుతుంది.

నమ్మకం కోసం బిల్డ్ చేసేవాళ్లు కూడా ఇటు చూడాలి. సోర్స్‌లో ఆనవాలు లేకుండా కంపైలర్ బైనరీలో దొంగదారి దాచి, ప్రతి కొత్త బిల్డులోకీ దాన్ని పాకించవచ్చని 1984లో అచ్చైన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కెన్ థాంప్సన్ చూపించాడు. తర్వాత గోని రూపొందించిన ముగ్గురిలో ఆయన ఒకడు. 2023లో వచ్చిన 1.21 నుంచి గో టూల్‌చైన్‌ని ఏ మెషీన్ మీద కట్టినా బిట్టుకి బిట్టు అదే ఫలితం వస్తుంది. అంటే మీ ఇంట్లో కట్టినదాన్ని అధికారికంగా ఇచ్చిన బైనరీతో పోల్చి చూసుకోవచ్చు.

ఇక "పేరు". గో ఐడెంటిఫయర్లలో (వేరియబుల్స్ లాంటివాటికి పెట్టే పేర్లు) యూనికోడ్ అక్షరాలూ అంకెలూ చెల్లుతాయి. కానీ గుణింతం గుర్తులు యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. అందుకే "పలక" అని పెడితే ఒప్పుకుంటుంది, "పేరు" అని పెడితే ఏత్వం దగ్గరే ఆగి ఈ గుర్తు ఐడెంటిఫయర్‌లో చెల్లదంటుంది. కంపైలర్ స్కానర్‌లో (కోడ్‌ని ముక్కలుగా విడదీసి చదివే భాగం) అక్షరమా కాదా అని చూసే చిన్న ఫంక్షన్ ఒకటుంది. అక్కడ మార్కులకీ చోటిచ్చి, కంపైలర్ ఒక్కదాన్నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు. మొదటి మార్పుగా ఇంతకన్నా మంచిది నాకు తట్టలేదు. కోడ్‌ని తీరుగా సర్దే గోఫ్మట్ లాంటి టూల్స్ వాడేది వేరే స్కానర్ కాబట్టి అవి ఇంకా ఒప్పుకోవు. ఒక లాంగ్వేజ్ నియమం ఎన్ని చోట్ల కాపురం ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

## రస్ట్

రస్ట్ మీద గౌరవం ఉండబట్టే చెబుతున్నాను: ఇది మొదటి బిల్డ్‌గా వద్దు. కంపైలర్ డెవలపర్ల గైడే 30 జీబీ పైన ఖాళీ, 8 జీబీ పైన మెమరీ ఉంచుకోమంటుంది. ఎక్స్ అనే స్క్రిప్టు అన్నీ నడుపుతుంది. ముందు స్టేజ్0గా సిద్ధంగా ఉన్న కంపైలర్‌ని దించుకుని, దానితో స్టేజ్1, దానితో స్టేజ్2 కడుతుంది. కింద ఎల్‌ఎల్‌వీఎం అనే మరో మహా ప్రాజెక్టు ఉంది. దాన్ని సిద్ధంగా ఉన్న రూపంలో దించుకోమని సెట్టింగ్‌లో చెప్పండి, లేకపోతే రస్ట్ మొదలయ్యేలోపే సాయంత్రమవుతుంది. మెమరీ తక్కువున్న మెషీన్‌లో ఏ ఎర్రర్ వివరం లేకుండా "కిల్డ్" అన్న ఒక్క ముక్కతో బిల్డ్ ఆగితే కోడ్‌లో తప్పు వెతక్కండి. మెమరీ అయిపోయి కర్నెల్ ఆ ప్రాసెస్‌ని చంపేసి ఉంటుంది. ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్య తగ్గించి మళ్లీ కొట్టండి.

రెండో బిల్డ్ కూడా బరువే. లెక్సర్ (గో స్కానర్ లాంటిదే) వంటి అడుగున ఉండే క్రేట్, అంటే రస్ట్ కోడ్ ప్యాకేజీ, ముట్టుకుంటే దాని మీద నిలబడ్డవన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. అలాంటప్పుడు పూర్తి బిల్డ్ బదులు చెక్ మాత్రమే నడిపి టైపులు సరిపోయాయా చూసుకుంటూ పోవాలి. అయినా రోజూ రస్ట్ రాసేవాళ్లకి ఇందులో సుఖం ఉంది. కంపైలర్ మీకు తెలిసిన లాంగ్వేజ్‌లోనే ఉంది, మిమ్మల్ని తికమక పెట్టిన ఎర్రర్ మెసేజ్‌ని మీరే బాగుచేసి పంపవచ్చు. తెలుగు పేర్లు 2021లో వచ్చిన 1.53 నుంచే చెల్లుతున్నాయి కనుక ఆ మార్పు చేసే పని మీకు మిగల్లేదు.

## రూబీ, జీసీసీ సంగతి

రూబీ దాదాపు సీపైథాన్ బాటే. టార్ ఫైల్ తీసుకోండి, గిట్ నుంచి తీసుకుంటే ముందే ఒక రూబీ ఉండాలి. 3.2 నుంచి లిబ్‌యామ్ల్ అనే సి లైబ్రరీ దాని సోర్స్‌తో రావడం లేదు, ముందే పెట్టుకోవాలి. రూబీని వేగంగా నడిపే వైజిట్ కావాలంటే రస్ట్ కంపైలర్ కూడా ఉండాలి. సి కంపైలర్ జీసీసీ అయితే జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ లైబ్రరీలు కావాలి, బిల్డ్ ఫోల్డర్ సోర్స్ బయట పెట్టుకోవడం మేలు. మూడు స్టేజ్‌లు కట్టి రెండోదీ మూడోదీ ఒకటేనా అని తనే పోల్చుకుంటుంది. గో నచ్చిన వాళ్లు తర్వాత దీని జోలికి వెళ్లండి.

## మరి మీకేది?

లాంగ్వేజ్ లోపల ఎలా పనిచేస్తుందో చూడాలన్న కుతూహలం ఉంటే, సి చదవగలిగితే, లువా. పాత లాప్‌టాప్ అయినా సరే. ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.

ఆఫీసు పనికి కొత్త వెర్షన్ కావాలన్న అవసరంతో వచ్చినవాళ్లకి ఎంపిక ఎలాగూ లేదు, సీపైథానే. ముందు హెడర్ ప్యాకేజీలు సిద్ధం చేసుకోండి, చివరి జాబితా చదవండి. అడ్మిన్ హక్కులు ఉండి, సిస్టమ్ ప్యాకేజీగా ఆ వెర్షన్ దొరుకుతుంటే మాత్రం సోర్స్ బిల్డ్ వద్దు. సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చిన ప్రతిసారీ మళ్లీ కట్టే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

కంపైలర్ తనని తాను ఎలా కట్టుకుంటుందన్న ప్రశ్న మిమ్మల్ని పట్టి పీడిస్తుంటే గో. సి తెలియకపోయినా ఫరవాలేదు.

రస్ట్‌లో ఇప్పటికే పనిచేస్తూ, మంచి మెషీన్ ఉండి, తిరిగి ప్రాజెక్టుకి ఏదైనా చేయాలనుకునేవాళ్లు రస్ట్‌కి వెళ్లండి. వెళ్లేముందు ఒకసారి గో కట్టి స్టేజ్‌ల లెక్క అర్థం చేసుకుంటే స్టేజ్1, స్టేజ్2 మధ్య తికమక చాలావరకు తప్పుతుంది.

ఏది ఎంచుకున్నా ఒక్కటి చేయండి. మొదటి బిల్డ్ పూర్తవగానే వెర్షన్ ప్రింట్ చేసే స్ట్రింగ్ ఎక్కడుందో వెతికి, దానికి మీ పేరు చేర్చి మళ్లీ బిల్డ్ కొట్టండి. లువాలో అయితే అది లువా అనే హెడర్ ఫైల్‌లో కాపీరైట్ లైన్ పక్కనే కనిపిస్తుంది.